తాళంచెవిలో బిళ్ళ

నలభై రూపాయల వస్తువు గురించి ఇంత రాయాలా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించి చాలాకాలం ఊరుకున్నాను. కానీ కారు తాళం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ రాత్రి గుర్తుకొస్తూనే ఉంది. రాసేస్తే కొంత తేలికపడతానేమోనని ఇవాళ కూర్చున్నాను.

మా చిన్నతనంలో తాళంచెవి అంటే ఇనుము. మా అమ్మమ్మగారి ఊళ్ళో ధాన్యపు గది తాళంచెవి జానెడు పొడవుండేది. ఒకసారి అది నూతిలో పడితే, ఆరునెలల తరవాత పాతాళగరిగె వేసి పైకి తీశారు. తుడిచి తాళంలో పెట్టి తిప్పితే, ఏమీ జరగనట్టే తిరిగింది. తాళంచెవికి కూడా తిండి పెట్టాలనీ, పెట్టకపోతే ఒకనాడు అది మనకి మొహం చాటేస్తుందనీ ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఉండేవాళ్ళం.

2021లో మేము కొన్న కారుకి వచ్చిన తాళంచెవి అసలు తాళంచెవిలాగే ఉండదు. అరిగిన సబ్బుబిళ్ళంత నల్లటి ప్లాస్టిక్ డబ్బీ, దాని మీద మూడు మీటలు, అంతే. పళ్ళు లేవు, దూర్చే పని లేదు, తిప్పే పని లేదు. జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. లోపల కూర్చుని బ్రేకు తొక్కి గుండ్రటి మీట నొక్కితే ఇంజను మేలుకుంటుంది. ఇంత సుఖం దేని మీద ఆధారపడి ఉందో నేను ఏనాడూ ఆలోచించలేదు.

ఆలోచించింది మా నాన్నగారు. ఆయన రైల్వేలో సిగ్నల్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం సామర్లకోట చుట్టుపక్కలే గడిచింది. బాటరీ గదుల్లో వరసగా పేర్చిన గాజు జాడీలలాంటి సెల్స్, వాటి ఆమ్లం చిక్కదనాన్ని కొలిచే హైడ్రోమీటరు, తారీఖు వేసి సంతకం పెట్టే రిజిస్టరు, ఇవీ ఆయన లోకం. కారు కొన్నాక ఆయన ఒక్కసారి కూడా దాన్ని నడపలేదు గాని, కారుతో ఇచ్చిన పుస్తకాన్ని మాత్రం పదిహేను రోజులు కూర్చుని, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ, అట్ట నుంచి అట్ట దాకా చదివారు.

"నడిపేది నేను, చదివేది మీరు" అని నవ్వాను ఒకసారి.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, "బండి బాగా నడుస్తున్నప్పుడు పుస్తకంతో పని లేదురా. ఆగిపోయినప్పుడు చదవడానికి తీరిక ఉండదు" అన్నారు.

ఆ మాట నేను మరిచిపోయాను.

మేముండేది కాకినాడలో, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో. కార్లు కింద సెల్లారులో ఉంటాయి. లిఫ్టు తలుపు నుంచి మా కారు నిలిపే చోటికి ఒక నలభై అడుగులు ఉంటుందేమో. కొత్తలో లిఫ్టు దిగుతూనే తాళం మీట నొక్కేవాణ్ణి. కారు అక్కడినుంచే రెండుసార్లు కన్ను గీటి కుయ్ కుయ్ మనేది. 2024 వానాకాలం నాటికి సెల్లారు మధ్య స్తంభం దాకా నడిచి నొక్కవలసి వచ్చింది. దీపావళి నాటికి కారు పక్కకే వెళ్ళాలి. డిసెంబరులో ఒక్కోసారి రెండుమూడుసార్లు నొక్కితే గాని పలికేది కాదు. స్టీరింగు వెనక తెర మీద తాళం బాటరీ తగ్గిందన్న హెచ్చరిక రోజూ వచ్చేది. ఈగను తోలినట్టు దాన్ని ఒక మీట నొక్కి తోలేసేవాణ్ణి. పండగ అయ్యాక చూద్దాంలే అనుకున్నాను.

సంక్రాంతి అయింది. రెండో తాళం పండక్కి వచ్చిన మా తమ్ముడి జేబులో పడి వాడితోపాటే బెంగుళూరు వెళ్ళిపోయింది. కొరియర్లో పంపిస్తానన్నాడు. తొందరేమీ లేదన్నాను.

ఆ తరవాతి వారం, 2025 జనవరిలో, ఒక రాత్రి రెండు దాటాక అమ్మ నన్ను తట్టి లేపింది. నాన్నగారు ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చలికాలంలో బనీను తడిసిపోయేంత చెమట. ఛాతీ మీద చెయ్యి. "గాసు అనుకుంటా, కొంచెం సేపటికి సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకోవడం లేదని ఆయన గొంతే చెబుతోంది. అమ్మ 108కి ఫోను చేసింది. అంబులెన్సు బయలుదేరుతుందన్నారు గాని, నాకు కాలు నిలవలేదు. ఆస్పత్రి పది నిమిషాల దారి. ఆయన్ని పట్టుకుని లిఫ్టులో కిందికి దించాను. గుండెనొప్పి వచ్చిన మనిషిని నడిపించడం, సొంత కారులో ఎక్కించి తోలుకురావడం తెలివైన పని కాదనీ, దారిలోనే ఏమైనా అయితే చెయ్యడానికి అంబులెన్సులో మనుషులైనా ఉంటారనీ డాక్టరుగారు తరవాత మందలించారు. ఇది చదివేవాళ్ళు ఆ మాట గుర్తుపెట్టుకోండి.

సెల్లారులో తాళం మీట నొక్కాను. కారు పలకలేదు. మళ్ళీ నొక్కాను. తలుపుకి ఆనించి నొక్కాను. తాళాన్ని అరచేతిలో కొట్టి, ఊది, బలంకొద్దీ నొక్కాను. నల్లటి కారు నల్లగా, నిశ్శబ్దంగా అలాగే నిలబడి ఉంది. నాలుగేళ్ళుగా నన్ను చూసి కన్ను గీటిన బండి నన్ను ఎరగనట్టు ఊరుకుంది. నాన్నగారు వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని స్తంభానికి ఆనుకున్నారు. నా చేతులు వణకడం ఆయన చూశారు.

"దాని అడుగున చిన్న మీట ఉంటుంది. అది జరిపి, కొస పట్టుకుని లాగు" అన్నారు మెల్లగా.

లాగాను. ఆ ప్లాస్టిక్ డబ్బీ కడుపులోంచి సన్నటి ఉక్కు తాళంచెవి బయటికి వచ్చింది. నాలుగేళ్ళు నా జేబులో తిరిగిన వస్తువు అది. అది అక్కడ ఉందని నాకు తెలియదు.

"తలుపు పిడి పక్కన మూత ఉంటుంది చూడు. దాని కింద కన్నం."

మూత ఊడదీసి తాళం తిప్పాను. తలుపు తెరుచుకుంది. ఆ వెంటనే దొంగ పడ్డట్టు కారు ఊరంతా వినిపించేలా అరవడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. పైన ఎవరివో దీపాలు వెలిగాయి. "ఏంటి బాబుగారూ, ఏమైందండీ?" అంటూనే పరిస్థితి గ్రహించి నాన్నగారిని రెండు చేతులతో పొదివి పట్టుకుని వెనక సీటులో కూర్చోబెట్టాడు.

నేను ముందు కూర్చుని మీట నొక్కితే, తాళం కనబడడం లేదని తెర మీద అక్షరాలు వచ్చాయి. వెనకనుంచి నాన్నగారి గొంతు వచ్చింది. "ఆ అరుపు పట్టించుకోకు. వేలితో కాదు... తాళాన్నే ఆ మీటకి ఆనించి, దాంతో నొక్కు."

బ్రేకు తొక్కి, తాళం అంచుతో మీట నొక్కాను. ఇంజను మేలుకుంది. అరుపు ఆగింది.

ఆస్పత్రిలో రక్తనాళంలో అడ్డంకి ఉందని తేల్చి, తెల్లవారకముందే ఒక స్టెంటు వేశారు. ఐదు రోజులు అక్కడ ఉన్నాము. ఆ ఐదు రోజులూ నేను ఇంటికీ ఆస్పత్రికీ తిరిగింది ఆ చచ్చిన తాళంతోనే. ఉక్కు తాళంచెవితో తలుపు తీయడం, కారు అరవడం, డబ్బీని మీటకి ఆనించడం. మూడో రోజున మెయిన్‌రోడ్డులో ఒక గడియారాల దుకాణంలో బాటరీ కొన్నాను. దుకాణదారు పెద్దాయన నా చేతిలో తాళం చూసి, "రెండువేల ముప్ఫైరెండాండీ, ఇరవై ఐదాండీ? చూడకుండా కొనకండి" అని తనే పెచ్చు తీయబోయాడు. ఎందుకో వద్దన్నాను. కారు పుస్తకం తీసి చూస్తే పెన్సిలు గీత కింద సి.ఆర్. 2032 అని ఉంది. ఆ అంకెల అర్థం ఆయనే చెప్పాడు. మొదటి అక్షరం లోపలి రసాయనాన్ని చెబుతుంది, అంటే లిథియం. రెండోది గుండ్రటిదని. ఇరవై అంటే అడ్డకొలత 20 మిల్లీమీటర్లు. ముప్ఫైరెండు అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. ఇరవై ఐదు అయితే 2.5 మిల్లీమీటర్లు. రెండూ మూడు వోల్టులవే. అయినా పల్చటిది పెడితే వదులుగా ఉండి ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. బిళ్ళను జేబులో వేసుకున్నాను. వేసుకున్నానే గాని, మార్చలేదు. ఆస్పత్రి వరండాలో కూర్చుని జేబు మీద చెయ్యి వేసుకుని చూసుకోవడమే సరిపోయింది.

ఇంటికి వచ్చి మంచం మీద సర్దుకున్నాక నాన్నగారు అడిగిన మొదటి మాట, "సెల్ మార్చావా?"

"లేదండీ. కొన్నాను."

"అయితే ఇలా తీసుకురా. నా మీటరు పెట్టె కూడా."

అమ్మ కసురుకుంది. ఆయన వినలేదు. మంచం మీద పాత తువ్వాలు పరిచి పని మొదలుపెట్టించారు. ఉక్కు తాళంచెవి తీసేసిన చోట ఒక సన్నటి గాడి ఉంటుంది. అందులో చదును స్క్రూడ్రైవరు మొన పెట్టి కొంచెం మెలితిప్పాలి. గీతలు పడకుండా మొనకి గుడ్డ చుట్టమన్నారు. టక్‌మని డబ్బీ రెండు చిప్పలయింది. లోపల ఆకుపచ్చటి పలక, దాని పక్కన బిళ్ళ.

"ఆగు. తీసే ముందు ఏ మొహం పైకి ఉందో చూసుకో. అక్షరాలు, కూడిక గుర్తు ఉన్న వైపు ధనధ్రువం. తిరగేసి పెడితే పనిచెయ్యదు. పట్టుకోవడం అంచు పట్టుకో, పాత ఫొటో పట్టుకున్నట్టు. వేలి జిడ్డు అంటకూడదు."

పాత బిళ్ళ బయటికి వచ్చింది. ఆయన మీటరు తీగలు ఆనించమన్నారు. సూది 2.8 దగ్గర నిలిచింది. నేను ఆశ్చర్యపోయాను. మూడుకి 2.8 అంటే బాగానే ఉన్నట్టు కదా! మరి ఆ రాత్రి ఎందుకు పలకలేదు?

నాన్నగారు పెట్టెలోంచి నూరు ఓముల నిరోధకం ఒకటి ఏరి బిళ్ళకి అడ్డంగా కలపమన్నారు. కలిపీ కలపగానే సూది రెండు కిందికి జారిపోయింది. నిరోధకం తీసేస్తే, సూది మళ్ళీ మెల్లగా పైకి లేచింది. కొత్త బిళ్ళకి అదే పరీక్ష పెడితే సూది కాస్త తగ్గి అక్కడే నిలబడింది.

"చూశావా?" అన్నారు నాన్నగారు. "ఊరికే కూర్చున్నప్పుడు అన్ని సెల్సూ బాగానే కనిపిస్తాయి. భారం పెట్టి చూడాలి. మా రిజిస్టర్లో భారం లేకుండా తీసిన లెక్క రాస్తే ఇన్‌స్పెక్టరు ఒప్పుకునేవాడు కాదు."

సంగతి ఇదీ. బిళ్ళ పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ఏ పనీ చెప్పనప్పుడు వోల్టులు పెద్దగా తగ్గవు. పైగా ఈ లిథియం బిళ్ళలు జీవితంలో ఎక్కువ భాగం దాదాపు ఒకే వోల్టులు ఇస్తూ, చివర్లో ఒక్కసారిగా దిగజారతాయి. తాళం ఊరికే ఉన్నప్పుడు వాడే కరెంటు లెక్కలోకి రానంత స్వల్పం. మీట నొక్కిన క్షణంలో మాత్రం రేడియో సంకేతం పంపడానికి ఒక్కసారిగా ఎక్కువ కావాలి. అంతటి భారం ముసలి బిళ్ళ మొయ్యలేదు. మరి డబ్బీని మీటకి ఆనిస్తే బండి ఎలా కదిలిందని అడిగాను.

"దాంట్లో ఇంకో చిన్న చిప్పు ఉంటుందిరా. దానికి సెల్ అక్కర్లేదు. దగ్గరికి తెస్తే కారే దానికి కావలసిన శక్తి ఇచ్చి, నువ్వెవరని అడుగుతుంది. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టి పేరు అడిగినట్టు."

నేను కొత్త బిళ్ళ పెట్టి చిప్పలు నొక్కాను. మీట నొక్కితే డబ్బీ మీద చుక్కంత ఎర్రదీపం వెలిగింది. పని అయిపోయింది. మొత్తం ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల పనిని నేను ఐదు నెలలు వాయిదా వేశాను.

కానీ నా మనసు ఆ సూది మీదే ఉండిపోయింది. ఆ అక్టోబరులో నాన్నగారికి మామూలు పరీక్షలు చేయించినప్పుడు ఇ.సి.జి. బాగానే ఉంది. ఆ కాగితాన్ని ఆయన గర్వంగా అందరికీ చూపించారు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి తీసే పరీక్ష కూడా చేయించుకోమని డాక్టరుగారు రాసిచ్చారు. విశ్రాంతిగా పడుకున్న గుండె తన లోపం ఒక్కోసారి బయటపెట్టదనీ, పని పెడితేనే తెలుస్తుందనీ చెప్పారు. సెల్స్‌కి భారం పెట్టకుండా లెక్క రాయని మనిషి, తన విషయంలో మాత్రం పండగ అయ్యాక చూద్దాంలే అన్నారు. నేనూ సరేనన్నాను. ఆ మాట తాళం గురించి నేను అనుకున్న మాటే.

హెచ్చరికలు లేవా అంటే ఉన్నాయి. ఏడాది క్రితం నాన్నగారు గాంధీనగరం పార్కులో మూడు చుట్లు తిరిగేవారు. తరవాత రెండు. దీపావళి నాటికి ఒకటి తిరిగి బల్ల మీద కూర్చునేవారు. మోకాళ్ళన్నారు. కరెంటు పోయి లిఫ్టు ఆగిన రోజుల్లో రెండో అంతస్తు దగ్గర నిలబడి అక్కడివాళ్ళని పేరుపేరునా పలకరించేవారు. ఈయనకి ఇంత కలుపుగోలుతనం ఎప్పుడు వచ్చిందా అని అమ్మా నేనూ నవ్వుకున్నాము. తాళం గాని మనిషి గాని ఒక్కసారిగా మూగబోలేదు. ముందు దూరం తగ్గింది. లిఫ్టు దగ్గరనుంచి స్తంభం దాకా, స్తంభం నుంచి తలుపు దాకా. నేను ప్రతిసారీ మరో నాలుగు అడుగులు ముందుకు వేసి నొక్కి, పనిచేసింది కదా అనుకున్నాను. తగ్గిన దూరాన్ని నా నడకతో పూడ్చేశాను గనక లోటు నాకు కనిపించలేదు.

ఆ సాయంత్రమే ఇంకొకటి జరిగింది. నాన్నగారిని చూడడానికి మా చెల్లెలు వచ్చింది. దాని రెండేళ్ళ కూతురు ఇల్లంతా తిరుగుతోంది. పాత బిళ్ళను నేను తువ్వాలు మీదే వదిలేశాను. రూపాయి నాణెంలా తళతళలాడుతూ ఉంటుంది కదా. పిల్ల చేతిలోకి తీసుకుని నోటి దాకా తెచ్చింది. మంచం మీదనుంచి నాన్నగారు పెట్టిన కేకకి అందరం ఉలిక్కిపడ్డాము. చెల్లెలు లాగేసుకుంది.

మింగితే నాణెంలాగే బయటికి పోతుందని నేను అనుకునేవాణ్ణి. అది నిజం కాదు. ఈ బిళ్ళ పసిపిల్లల గొంతులో ఇరుక్కునేంత పెద్దది. అన్నవాహిక తడి తగలగానే దానిలోంచి కరెంటు పారి, ఋణధ్రువం దగ్గర తినేసే క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. కారు తాళానికి చాలని బిళ్ళలో కూడా ఈ పనికి కావలసినంత మిగిలే ఉంటుంది. అమెరికాలో ఇలా మింగి చనిపోయిన ఒక పసిపాప పేరుతో 2022లో చట్టమే వచ్చింది. పిల్ల మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా నేరుగా పెద్దాస్పత్రికి పరుగెత్తాలి. పాత బిళ్ళకి రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకి అందని చోట పెట్టి, పాత బాటరీలు తీసుకునే చోట ఇవ్వాలి. చెత్తబుట్టలో వెయ్యకూడదు. ఆ రోజు నాన్నగారు నా చేత టేపు రెండు చుట్లు చుట్టించారు.

"ఇది చచ్చిపోయిందని ఎవరన్నారు?" అన్నారు, ఆ మూటను అరచేతిలో దొర్లిస్తూ. "మీ బండికి చాలదు, అంతే."

తరవాత కారు పుస్తకం తెమ్మని, చివరి ఖాళీ పేజీలో పెన్సిలుతో ఆ నాటి తారీఖు, బిళ్ళ అంకె, భారం మీద మీటరు చూపిన లెక్క రాశారు. తమ్ముడి తాళం కూడా అదే వయసుదని గుర్తుచేసి, ఆ రాత్రే వాడికి ఫోను చేయించారు. నేను పుస్తకం మూయబోతుంటే ఆపి, అదే వరసలో కింద తన తరువాతి పరీక్ష తారీఖు కూడా వేశారు. ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

నెల తరవాత డాక్టరుగారు నెమ్మదిగా నడవవచ్చన్నారు. మొదటి రోజు పార్కుకి నేనే తీసుకువెళ్ళాను. లిఫ్టు దిగి, అలవాటు కొద్దీ స్తంభం వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి లిఫ్టు తలుపు దగ్గరే నిలబడి మీట నొక్కాను. కారు అక్కడినుంచే రెండుసార్లు కన్ను గీటింది.

ఆ రోజు నాన్నగారు అర చుట్టు తిరిగి బల్ల మీద కూర్చున్నారు. ఈసారి మోకాళ్ళనలేదు. ఆయాసం తీరాక, "ఇవాళ ఎంత?" అని అడిగారు.

"అర చుట్టండీ."

"రాసుకో" అన్నారు.